కుబేరుడి దగ్గర అప్పెందుకు చేసినట్టు?

మొన్న ఆదివారం తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో ప్రవచనం అంటే మా ఆవిడ పోరు పడలేక పోయినా. స్టేజీ మీద ఒక స్వామి "దేవుడు శూన్యం నుంచి పదార్థం పుట్టిస్తాడు, ఇప్పుడు క్వాంటమ్ ఫిజిక్స్ కూడా ఒప్పేసుకుంది" అని మైకులో సెలవిచ్చి, ఖాళీ చెయ్యి గాల్లో తిప్పి చిటికెడు విభూది రాల్చినాడు. ఊరంతా నామాలు పెట్టుకునే చోట విభూది తియ్యాలంటే గుండెధైర్యం కావాల్లెండి, అది మాత్రం మెచ్చుకోవాల.

ఫిజిక్స్ పేరెత్తినాడు కాబట్టి నేను కూడా భక్తిగా కాగితం పెన్నూ తీసి లెక్కేసినా. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిన లెక్కలో ఒక గ్రాము పదార్థం అంటే దగ్గర దగ్గర 2.5 కోట్ల యూనిట్ల కరెంటు. శక్తి నుంచి పదార్థం పుడతాది, కాదన్లేదు, కానీ ఒంటరిగా పుట్టదు, ఎలక్ట్రాన్ పుడితే దాని జతగా పాజిట్రాన్ అనే ఉల్టా ఛార్జి కణం, అంటే ప్రతిపదార్థం, పుట్టాల్సిందే, ఈ పాజిట్రాన్‌ని ఆండర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1932లోనే పట్టుకున్నాడు. అంటే స్వామి కుడిచేతిలో గ్రాము విభూది పుడితే ఎడంచేతిలో గ్రాము ప్రతివిభూది పుట్టాల, ఖర్చు 5 కోట్ల యూనిట్లు. ఆ మండపంలో రెండు ఏసీలు వేస్తేనే ఫ్యూజు ఎగిరిపోతా ఉంది.

సరే, ఎట్లనో పుట్టిందే అనుకుందాం. ఇప్పుడు స్వామి అలవాటు కొద్దీ భక్తులకి రెండు చేతులూ జోడించి దండం పెట్టినాడనుకోండి. అయిపోయె. పదార్థం, ప్రతిపదార్థం తాకితే రెండూ మాయమై మొత్తం శక్తి అయిపోతాది, 1945లో హిరోషిమా మీద పడిన బాంబుకి రెండింతల పైనే. మండపం ఉండదు, బస్టాండు ఉండదు, వెనకాల వంటమాస్టరు కలపతా ఉన్న పులిహోర ఉండదు, బయట వదిలిన చెప్పులు ఎవరివో తేల్చుకోడానికి మనమూ ఉండము. అందుకే ప్రజల భద్రత దృష్ట్యా స్వామి ఇకమీదట ఒంటిచేత్తోనే దీవించాలని నా మనవి.

ఇంకోమాట, ఫిజిక్స్ వాళ్ల శూన్యం ఉత్త ఖాళీ కాదు, దాంట్లో కూడా క్షేత్రాలు (పుణ్యక్షేత్రాలు కాదు, ఫిజిక్స్ వాళ్లు ఫీల్డ్స్ అనేవి) ఉంటాయి, వాటికి రూల్సు ఉంటాయి. జుబ్బా చేతి మడతని శూన్యం అనరు. పోనీ సైన్స్ వద్దు, ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో ఏమన్నాడు? లేనిదాంట్లోంచి ఉన్నది ఎట్లా పుడతాది నాయనా అనే కదా. ఇదే ప్రశ్న ఆ మండపంలో అడిగుంటే ఉద్దాలకుణ్ణి కూడా నాస్తికుడని మెట్లు దింపేసుందురు.

అసలు కొండమీద సామినే చూడండి. నారాయణవనంలో ఆకాశరాజు కూతురితో పెళ్లి కుదిరితే, చేతిలో కాసు లేక, కుబేరుడికి పత్రం రాసిచ్చి అప్పు తెచ్చినాడు, కలియుగం అయ్యేదాకా వడ్డీ కడతా ఉన్నాడని మా అవ్వ చెప్పిన కథ, మీ అవ్వా చెప్పుంటాది. వడ్డికాసులవాడనే పేరు ఊరికే రాలేదు. సృష్టి మొత్తానికి యజమాని, గాల్లో చెయ్యి తిప్పలేక అప్పు చేసినాడా? ఆయనకి లేని తొందర ఈయనకేందో.

దేవుడు శూన్యం నుంచి పుట్టించగలడా లేదా అనేది పెద్ద ప్రశ్న, 1380 కోట్ల ఏండ్ల కింద విశ్వం పుట్టినప్పటి సంగతి, ఎవురి నమ్మకం వాళ్లది, దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ కవర్లతో. ఆ పొద్దు నా పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒకటో తేదీ వచ్చిన 4000 పింఛను, మడత కూడా విప్పని నోట్లు, కవర్లో పెట్టి పళ్లెంలో వేసింది. బీపీ మాత్రలకి ఏం చేస్తావమ్మా అంటే "సామి విభూది ఇచ్చినాడు కదా నాయనా" అనింది. ఒరే, శూన్యంలోంచి విభూది తీసేవాడివి, ఆ ముసలిదాని నాలుగు వేలు నీకెందుకురా? అవి కూడా గాల్లోంచే తీసుకో! సిగ్గుండాల.

లేచి నిలబడి అడిగేసినా. సామీ, మాది చిత్తూరు పక్కన పల్లె, వెయ్యి అడుగులు వేసినా బోరులో దుమ్మే వస్తాది, విభూది మాకు అట్లే దొరకతా ఉంది, ఒక బిందె నీళ్లు పుట్టించండి చాలు అన్నా. వాలంటీర్లు ఇద్దరు వచ్చి నా భుజాలు పట్టుకున్నారు. స్వామి మాత్రం చిరునవ్వు నవ్వి, కుర్చీ కింద చెయ్యి పెట్టి మినరల్ వాటర్ బాటిల్ తీసి, రెండు గుక్కలు తాగి, భజన మొదలుపెట్టమన్నాడు.