చేతికి దొరికిందల్లా చుట్టడం కాదు

శిల్పి న్నేనా కాలూ గురించి వచ్చిన వ్యాసం చదివాను, బాగుంది. కానీ బ్రిటన్‌లో సమకాలీన కళకు ఇచ్చే టర్నర్ ప్రైజ్‌ను 2025లో గెలిచిన ఆమె గురించి రాస్తూ "చేతికి దొరికిందల్లా చుట్టేస్తారు" అనేయడం అన్యాయం. ఆటిజం ఉన్న కళాకారిణి, మాటలు తక్కువ. అంతమాత్రాన పనిలో వరస లేదనుకోకూడదు. ఆమె 1999 నుంచి లండన్‌లో, నేర్చుకోవడంలో వైకల్యం ఉన్న కళాకారులకు తోడ్పడే యాక్షన్‌స్పేస్ సంస్థతో కలిసి పనిచేస్తున్నారు.

శిల్పాలకు గుడ్డ, కాగితం, తాడు, ప్యాకింగ్ టేపు, క్లింగ్ ఫిల్మ్ (తినే వస్తువులకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర), పాత వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ రీలు వాడతారు. మూటగట్టడం, చుట్టడం, బిగించడం, మళ్లీ చుట్టడం. కాగితం మీద గీసే బొమ్మలైతే చాలావరకు జంటలుగానో మూడేసిగానో వేస్తారు: ఒక కాగితం మీద తిరిగిన సుడినే పక్క కాగితం మీద మళ్లీ తిప్పుతారు. దగ్గరగా చూస్తే గీతల ఒత్తిడిలో తేడా తెలుస్తుంది. నాకైతే శిల్పాల కన్నా ఇవే గొప్ప.

ఈ పద్ధతిని బడిలో పిల్లలతో చేయించాలనుకునే టీచర్లకు ఒక మాట. శిల్పాన్ని వేలాడదీసే తాడును మొదటి మూటకే కట్టి, ఆ తర్వాత పొరలు వేయాలి. చివర్లో పైపొరకు కడితే బరువుకు పొర జారి ఊడొస్తుంది. నూలుగుడ్డకు ప్యాకింగ్ టేపు సరిగా అంటదు. మధ్యలో ఒక చుట్టు క్లింగ్ ఫిల్మ్ వేసి, టేపును ఒక చుట్టు దాటించి దానిమీద అదే అంటుకునేలా తిప్పండి. మన ఎండలకు జిగురు కరిగి జారుతుంది, కిటికీ పక్కన పెట్టొద్దు. బూజు పట్టిన క్యాసెట్ రీలు అసలు వాడకండి, పొడి రాలుతుంది. తాడు పొడవుగా ఇవ్వకండి, చిన్న ముక్కలే ఇచ్చి దగ్గరుండి చూడండి, మెడకు చుట్టుకునే ప్రమాదం.