కంచెకు అందని ఊట

చదువులకో కొలువులకో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు వెళ్లిన పిల్లలను చూడబోయే మన పెద్దలు కళాశాలల ప్రాంగణాలు తిరిగి, ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. నగరానికి దక్షిణపు అంచున, గ్రేట్ షెల్‌ఫర్డ్ దగ్గరున్న నైన్ వెల్స్‌కు కూడా ఒక పూట కేటాయించమని కోరుతున్నాం. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. దాదాపు మూడెకరాల రక్షిత వనం, ముదురు బీచ్ చెట్లు, ముళ్లపొదల దడి, వాటి నడుమ చప్పుడు లేకుండా ఉబికే నీరు, అంతే.

మహానంది కోనేటి అడుగున పడిన నాణేన్ని పైనుంచి చూసినవారికి ఆ తేటదనం కొత్త కాదు. నైన్ వెల్స్ దగ్గరి నేల సుద్ద. చలికాలపు వాన ఆ సుద్ద నెర్రెల్లోకి ఇంకి, వడకట్టుకుని, ఎప్పటికో బయటపడుతుంది. అందుకే ఊట దగ్గర నీరు ఎండాకాలంలోనైనా మంచు రోజుల్లోనైనా 10, 11 డిగ్రీల చల్లదనంతోనే ఉంటుంది. ఇలాంటి సుద్దవాగులు ప్రపంచం మొత్తం మీద 200 పైచిలుకు మాత్రమే ఉండగా, వాటిలో అత్యధికం ఇంగ్లండ్‌లోనివే.

ఈ ఊటల నీటినే 1610–14 మధ్య కాలువ తవ్వి కేంబ్రిడ్జ్ పట్టణానికి మళ్లించారు. దానికి పూనుకున్నవారిలో ఒకరైన థామస్ హాబ్సన్ పేరే కాలువకు నిలిచింది. గుర్రాలు అద్దెకిచ్చే ఈయన, గుమ్మానికి దగ్గరగా కట్టేసిన గుర్రాన్నే తీసుకోవాలనీ, కాదంటే నడిచిపొమ్మనీ అనేవాడట.

మా దృష్టిలో నైన్ వెల్స్ చూడదగినది ఈ చరిత్ర కోసం కాదు, అక్కడ జరిగిన నష్టం కోసం. ఇసుక రేణువులతో గూడు కట్టుకునే ఒక నీటిపురుగు, చల్లని ఊటల్లోనే బతికే ఒక చదును పురుగు ఉన్నందువల్ల ఆ స్థలానికి ఒకప్పుడు జాతీయస్థాయి శాస్త్రీయ ప్రాముఖ్య హోదా ఉండేది. 1976 నాటి కరవులో ఆ అరుదైన జీవులు నశించాయి, తర్వాత హోదా కూడా పోయింది. చెట్లను ఎవరూ నరకలేదు, దడిని ఎవరూ దాటలేదు. కిందినుంచి రావలసిన నీరు రాకపోవడమే చాలింది.

కేంబ్రిడ్జ్ తాగునీరు ఇంచుమించు అంతా ఆ సుద్దపొరల్లోంచి తోడుకున్నదే. నగరం పెరుగుతూనే ఉంది. నీటి వనరులు తట్టుకోలేవంటూ ఇటీవలి సంవత్సరాల్లో అక్కడి కొత్త ఇళ్ల ప్రతిపాదనలకు ప్రభుత్వ పర్యావరణ సంస్థే అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. ఇళ్లు వద్దని మేము అనడం లేదు. అద్దెలు మోయలేక అవస్థపడే వారిలో మన విద్యార్థులూ ఉన్నారు. అయితే ఇళ్లకు నీళ్లు ఊరి కిందినుంచే తోడి తీరాలన్న నియమమేదీ లేదు. దూరపు జలాశయాల నుంచి గొట్టాలు వేసి తెచ్చాకే అనుమతులు ఇవ్వాలి, అంతవరకు తోడకానికి ఊట మట్టమే హద్దు కావాలి. ఆ మట్టాన్ని సందర్శకుల కంటపడేలా వనంలోనే ఒక పలక మీద రాసి పెడితే, బీచ్ నీడన కూర్చున్నవారికి ఆ ఏడాది నీరు ఎంత తగ్గిందో తెలుస్తుంది.