సెలవు నాడు తగ్గే ఆయాసం

ఆదోనిలో పత్తి సీజన్ మొదలైతే, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లుల్లో పత్తి అందించే ఆడకూలీల కనురెప్పల మీద కూడా తెల్లటి నూగు పేరుకుంటుంది. ఆ నూగు కన్నా కంటికి కనిపించని దుమ్మే ప్రమాదం. పత్తితో కలిసి వచ్చే ఎండుటాకుల పొడిలో బ్యాక్టీరియా విషాలుంటాయి. ఊపిరి గొట్టాలను బిగదీసేది అవే.

దీనికో గుర్తుంది. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తుంది, రెండు మూడు రోజులకు సర్దుకుంటుంది. ఇది పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, బిస్సినోసిస్. ఏళ్లు గడిస్తే వారమంతా వేధిస్తుంది, ఆపై పని మానినా పోకపోవచ్చు. పనిచోటి ఉబ్బసం నడక వేరు. అది సాధారణంగా వారం గడిచేకొద్దీ ముదిరి, సెలవు నాడు తగ్గుతుంది. హార్డెనర్ (పెయింటును గట్టిపరిచే రసాయనం) కలిపిన పెయింటును కార్లకు పిచికారీ కొట్టే షెడ్లలో వచ్చేది ఈ కోవదే. ఒక్కోసారి షిఫ్టు దిగిన ఆరేడు గంటలకు, ఇంట్లో పడుకున్నాక ఎగపోత మొదలవుతుంది. అందుకే నెపం చలిగాలి మీదికి పోతుంది.

‘ఏం పని చేస్తావమ్మా? సెలవు నాడు ఎట్లుంటాది?’ అని ఓపీలో అడగకపోతే రోగం పేరే బయటికి రాదు. ఆ తర్వాత, ఊదిన గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరు అనే చిన్న ప్లాస్టిక్ గొట్టం చాలు. రోజుకు కనీసం 4 సార్లు, నిండా ఊపిరి పీల్చి 3 మార్లు బలంగా ఊది, అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకోవాలి. పనికెళ్లే 2 వారాలు, వెళ్లని రోజులు కొన్ని. పని రోజుల్లో అంకెల ఎగుడుదిగుడు 20 శాతం దాటి, సెలవుల్లో నిలకడపడితే అనుమానం బలపడినట్టే.

ముఖానికి టవల్ చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు కొంత కాపాడుతుంది. అంతకన్నా ముందు దుమ్మును యంత్రం దగ్గరే లాగేసే ఫ్యాన్లు కావాలి. కంప్రెసర్ గాలితో యంత్రాలు ఊదడం మానాలి, ఊదిన దుమ్ము మళ్లీ గాలిలోకే లేస్తుంది.

సర్కారుకు తప్పక తెలపాల్సిన జబ్బుల జాబితా అయిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో బిస్సినోసిస్ ఉండేది, 2025లో ఆ చట్టం స్థానంలో అమలుకొచ్చిన వృత్తి భద్రత కోడ్ మూడో షెడ్యూలులోనూ ఉంది. గుర్తించిన డాక్టరు ఫ్యాక్టరీల శాఖకు రాసి పంపాలి. కానీ ఈఎస్ఐ (కార్మికుల బీమా) చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను వదిలేసింది, 2025లో దాని స్థానంలో అమలుకొచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అంతే, పత్తి జిన్నింగ్ అందులోదే. ఇది అన్యాయమని మా అభిప్రాయం. ఇక మిగిలేది యజమాని ఇవ్వాల్సిన పరిహారం. మేస్త్రీ వెంట వచ్చిన కూలీ పేరు మస్టరులో (హాజరు పట్టీలో) లేకపోతే అదీ అందదు. వచ్చే సీజన్‌కు ముందే కార్మిక శాఖ ఆ మస్టర్లు తిరగేయాలి. కర్నూలు, అనంతపురం, కడప సర్కారు ఆసుపత్రుల్లో ఆయాసంతో వచ్చిన ప్రతి ఒక్కరి ఓపీ చీటీ మీద వాళ్లు చేసే పని రాయాలి.