మా ఊరి పోస్టాఫీసు మూసేశారని మాకెవరూ చెప్పలేదు

పోయిన సంక్రాంతికి ఊరికి పోతే గోడ మీద డబ్బా లేదు. ఎర్ర డబ్బా. అది ఉన్నచోట సున్నం తగలని చదరం మాత్రం మిగిలింది, చుట్టూ తుప్పు మరక. ఏమైందిరా అని తమ్ముడిని అడిగితే, "అది ఎత్తకపోయి నాలుగు నెలలాయె గదన్నా, నువ్వు ఇప్పుడు చూస్తాండావా?" అన్నాడు. అవును, ఇప్పుడే చూశాను. ముందే ఒప్పుకుంటున్నా, ఎందుకంటే ఇదంతా చదివి "నువ్వు ఆఖరి ఉత్తరం ఎప్పుడు రాశావు సామీ" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. గుర్తులేదు. పదేళ్లు దాటి ఉంటుంది.

మాది కర్నూలు జిల్లా పడమటి పక్క. పత్తికొండకీ ఆదోనికీ మధ్య ఉండే చిన్న ఊరు. పేరు రాయను, రాస్తే ఇప్పుడు మాకు ఉత్తరాలిచ్చే పిల్లోడి మీదికి పోతుంది, వాడి తప్పేమీ లేదు. పై ఆఫీసులో అడిగితే అసలు 'మూసేశారు' అనే మాటే తప్పన్నారు. "మూయలేదండీ, పక్క ఊరి బ్రాంచిలో కలిపాం" అన్నారు. పక్క ఊరంటే ఆరు కిలోమీటర్లు. ఆ దారిన బస్సు లేదు.

ఈ కలపడం అనే మాట మీద నాకు మంట. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో 'కలిపారు'. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో 'కలిపారు'. ఇప్పుడు మా ఊరి పోస్టాఫీసు. కలిపితే ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా? ఇక్కడ ఒకటి ఉంటుంది, ఒకటి మాయమైపోతుంది. దాన్ని మా వైపు కలపడం అనరు. టెలిగ్రాం నయం. 2013 జులైలో ఆపేస్తున్నాం అని చెప్పి ఆపారు. జనం క్యూలు కట్టి ఆఖరి తంతి పంపించుకున్నారు, పేపర్లలో ఫోటోలు పడ్డాయి. మాకు ఆ మర్యాద కూడా దక్కలేదు.

అది ఎట్లా పోయిందో చెప్తా, చాలామందికి తెలియదు. పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసు అంటే ప్రభుత్వ బిల్డింగు కాదు. పోస్టుమాస్టరే చోటు చూపించాలి, అది రూలు. మా ఊళ్లో పోస్టు సారు ఇంటి వసారానే పోస్టాఫీసు. ఒక చెక్క పెట్టె, ఒక కుర్చీ, గోడకు కొక్కెం, దానికి సంచి. ఆయన పర్మనెంటు ఉద్యోగి కాదు, గ్రామీణ డాక్ సేవక్. పాత మాటలో ఈడీ, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. అరవై ఐదేళ్లు నిండాయి, దిగిపోయాడు. పెద్ద ఉద్యోగులకొచ్చే పెన్షన్ లేదు. ఆయనతోపాటే వసారా కూడా దిగిపోయింది, ఇల్లు ఆయనది కదా.

తర్వాత ఒక పిల్లోడు వచ్చాడు. ఇప్పుడు ఎంపిక అంతా ఆన్‌లైన్, పదో తరగతి మార్కులు చూసి. మంచి మార్కులే, మంచి పిల్లోడే, కాని ఎక్కడో కోస్తా నుంచి వచ్చాడు. ఊళ్లో గది బాడుగకు తీసుకుని, అందులోనే పోస్టాఫీసు పెట్టి, నాలుగు గంటల పనికి బేసిక్ 12,000, దాని మీద డీఏ. ఆ డబ్బుతో ఇక్కడ బాడుగ కట్టి, అన్నం తిని, ఇంటికి పంపాలంటే ఎట్లా? ఎనిమిది నెలలు ఉన్నాడు. వేరే ఉద్యోగం రాగానే పోయాడు, మనమైనా పోతాం. ఆ తర్వాత పక్క ఊరాయన ఇన్‌ఛార్జి అన్నారు. ఇన్‌ఛార్జి వారానికి రెండుసార్లు వచ్చాడు, తర్వాత ఒకసారి. తర్వాత డబ్బా పోయింది. ఫలానా రోజు మూతపడిందని చెప్పలేం. బోరు ఎండిపోయినట్టు ఎండింది.

"ఈ కాలంలో పోస్టాఫీసుతో పనేముంది, వాట్సాప్ ఉండగా" అనేవాళ్లకి ఒక అవ్వ సంగతి చెప్తాను. మా వీధే. పత్తి తీతకు పోతుంది, మిరపకాయల కోతకు పోతుంది. పెన్షన్ ఒకటో తేదీన సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు, దాని జోలికి నేను పోను. ఆమె కూలి డబ్బులో నుంచి పోస్టాఫీసులో నెలకు 300 ఆర్డీ కడుతుంది, అంటే నెలనెలా ఇంత అని కట్టే పొదుపు. ఐదేళ్లు, 60 కంతులు. మనవరాలి పెండ్లికి అంటుంది, ఆ పిల్ల ఇంకా ఆరో తరగతి. పాస్‌బుక్కు పాలిథిన్ కవర్లో చుట్టి, జొన్నల డబ్బాలో అడుక్కు పెట్టి ఉంటుంది. తీసినప్పుడల్లా దాని మీద నుంచి జొన్నపిండి రాలుతుంది. చదువు రాదు. కాని ప్రతి కంతు పక్కన పడిన గుండ్రటి ముద్ర మీద వేలు పెట్టి లెక్కబెడుతుంది. ముద్ర ఉంటే డబ్బు ఉన్నట్టు. సారు ముద్ర కొట్టే టకటక విని గాని లేచేది కాదు.

ఇప్పుడు ఆ 300 కట్టాలంటే ఆటోకు పోను నలభై, రాను నలభై. అదీ ఆటో నిండితే. ఒకరోజు కూలి పోయె. పోయినంక "సర్వర్ లేదవ్వా, రేపు రా" అంటారు. సర్వర్ అంటే ఆమె లెక్కలో ఎవరో మనిషి, సెలవు పెట్టి పోయినాడనుకుంది. "వాడు ఎప్పుడొస్తాడో కనుక్కో నాయనా" అని నన్నడిగింది. నవ్వు రాలేదు. కట్టడం ఆలస్యమైతే నూటికి రూపాయి జరిమానా, అంటే ఆమెకు నెలకు 3 రూపాయలు. ఆ 3 రూపాయల జరిమానా తప్పించుకోవడానికి 80 రూపాయల ఆటో. అందుకే రెండు నెలలు పోలేదు. వరసగా నాలుగు కంతులు తప్పితే ఖాతా ఆగిపోతుంది, మళ్లీ రెండు నెలల్లోపు బాకీ కట్టి బతికించుకోవాలి. ఈ రూలు ఆమెకు ఎవరు చెప్తారు? ముందైతే సారు ఇంటి ముందు నుంచి పోతూ "ఏమవ్వా, ఈ నెల రాలేదే" అని అరిచేవాడు. ఆ అరుపే మా ఊరి ఎస్సెమ్మెస్సు.

రెండోది, నాకు ఇంకా కోపం తగ్గని సంగతి. మా చిన్నాయన కొడుకు విత్తనాల అంగడిలో అప్పు పెట్టాడు. మా వైపు ఎరువు, విత్తనం అప్పుకు తెస్తే సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చి రావాలి, అందరికీ తెలిసిందే. పత్తి దెబ్బతినింది. సంక్రాంతి కాగానే ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోయారు. మా పడమటి మండలాల్లో ఊర్లకు ఊర్లే పోతాయి. ఫిబ్రవరిలో చెక్కు బౌన్సు నోటీసు వచ్చింది, రిజిస్టరు కవర్లో. ఉత్తరాలిచ్చే పిల్లోడు మూడు ఊర్లకు ఒకడు. వచ్చాడు, తాళం చూశాడు, రాసుకున్నాడు, పోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ తాళం. ఏడు రోజులు ఉంచి తిప్పి పంపించారు. రూలు ప్రకారం అంతా సక్రమం.

ఇక్కడ చట్టం ఒకటుంది. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అది అందినట్టే లెక్క. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, 27వ సెక్షన్. అందలేదని నిరూపించుకోవాల్సిన బాధ మనదే. చెక్కు కేసులో నోటీసు అందినంక 15 రోజులు టైమిస్తారు, ఆ లోపల కడితే కేసే ఉండదు. మా వాడు గుంటూరు దగ్గర చేలో మిరపకాయలు కోస్తుండగా ఆ 15 రోజులు తాళం వేసిన తలుపు ముందు అయిపోయాయి. ఏప్రిల్లో ఇంటికొచ్చినంక సమన్లు అందాయి. నోటీసు చూడలేదనేవాడు సమన్లు అందిన 15 రోజుల్లో కట్టొచ్చని సుప్రీంకోర్టు 2007లో చెప్పిందట, మా లాయరు దయవల్ల తెలిసింది. అట్లా బయటపడ్డాడు. కాని లాయరు ఫీజు, ఆదోనికి తిరుగుళ్లు, ఇంట్లో టెన్షన్, సుగ్గిలో సంపాదించింది సగం అక్కడే పోయింది.

పోస్టు సారు ఉంటే ఏం చేసేవాడు? ఏమీ లేదు. మా పెద్దమ్మ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేసేవాడు. "రేయ్, నీకు వకీలు కవరొచ్చింది, బాగుండేది కాదులే, ఎవరినన్నా పంపించు లేకుంటే అక్కడి అడ్రసు చెప్పు, తిప్పిస్తా." అంతే. మా ఊళ్లో ఇంటి నంబర్లు ఉన్నా ఎవరూ వాడరు. ఒకే పేరుతో ఏడుగురు ఉంటారు. 'రామాలయం వెనక, చింతమాను దగ్గర' అనేది అడ్రసు. 518తో మొదలయ్యే ఆరంకెల పిన్ నంబరు కవరును పోస్టాఫీసు దాకా తెస్తుంది. అక్కడి నుంచి తలుపు దాకా తెచ్చేది మనిషి తలలో ఉండే లెక్క. ఆ లెక్క ఏ కంప్యూటర్లోకీ ఎక్కించకుండానే సారును రిటైర్ చేశారు.

ఆయనను దేవుణ్ణి చేయడం లేదు. ఉపాధి హామీ కూలీ మా వైపు ముందు పోస్టాఫీసు ఖాతాల్లోనే పడేది. పక్క జిల్లా అనంతపురంలో, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ఆ పథకం మొదలుపెట్టారు, మరుసటి ఏడు మా జిల్లాకు వచ్చింది. మా ఊరి ఆడవాళ్లలో చాలామందికి జీవితంలో మొదటి పాస్‌బుక్కు అదే. ఆ రోజుల్లో డబ్బు ఆలస్యమయ్యేది, వారాల తరబడి. వచ్చినప్పుడు "చిల్లర లేదు" అని పదో ఇరవయ్యో సారు చేతిలోనే మిగిలిపోయేది. జనం తిట్టుకున్నారు, మా అమ్మ కూడా తిట్టింది. కాని తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, సాయంత్రం రచ్చకట్ట మీద దొరికేవాడు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియదు.

లెక్కల మాట కూడా చెప్పుకుందాం. కొత్త బ్రాంచి పెట్టాలంటే మామూలు ప్రాంతాల్లో 3,000 జనాభా ఉండాలి, దగ్గరి పోస్టాఫీసుకు 3 కిలోమీటర్ల దూరం ఉండాలి, ఖర్చులో కనీసం మూడో వంతు ఆదాయం రావాలి. గుర్తుపెట్టుకోండి, మూడో వంతు చాలు. అంటే పల్లెలో ఇది నష్టానికే నడుస్తుందని శాఖకే మొదటి నుంచి తెలుసు, తెలిసే నడిపింది. దేశంలో లక్షా అరవై వేల పైచిలుకు పోస్టాఫీసులు ఊరికే రాలేదు, వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే. ఇప్పుడేమో ఎన్ని పార్సిళ్లు బుక్ అయ్యాయి, ఎన్ని ఖాతాలు తెరిచారు అని అడుగుతున్నారు. పంచాయతీ కొళాయికి ఈ నెల లాభమెంత అని ఎవరైనా అడుగుతారా?

ఫోన్‌లో బ్యాంకు ఉంది కదా అనేవాళ్లు ఉన్నారు. ఉంది, నేనూ వాడతా. 2018 సెప్టెంబరు 1న పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు పెట్టినప్పుడు ఇంటి ముందుకే బ్యాంకు అన్నారు, ఆ ఆలోచన నిజంగా నాకు నచ్చింది. పోస్టాయన వేలిముద్ర మిషను తెచ్చి గడపలో డబ్బు ఇస్తాడు. కాని గడపకు రావడానికి మనిషి ఉండాలి కదప్పా. వచ్చినా, మిరపకాయలు కోసి కోసి అరిగిపోయిన వేళ్లకు మిషను పలకదు. అవ్వ బొటనవేలు తుడుచుకుని, కొంగుకు రుద్దుకుని, మళ్లీ పెట్టి, మళ్లీ. ఎర్ర లైటు. కొరియర్ల సంగతి వదిలేయండి, వాళ్లు మా ఊరి పొలిమేర తొక్కరు, "క్రాస్ కాడికి రాండి" అని ఫోన్ చేస్తారు.

చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. 2019 అక్టోబరు 2 నుంచి మా రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ఉన్నాయి. మా ఊరి సచివాలయంలో కరెంటు ఉంది, నెట్టు ఉంది, ఖాళీ కుర్చీలు కూడా ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. అందులో ఒక మూల ఒక బల్ల ఇస్తే పోస్టాఫీసుకు బాడుగ గొడవే ఉండదు. కేంద్రం శాఖ, రాష్ట్రం బిల్డింగు అంటారు. అవ్వకు ఆ తేడా తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఇంకొకటి, ఆ ఊరి పిల్లోడికో పిల్లకో ముందు అవకాశం ఇవ్వండి. పదో తరగతిలో 98 శాతం వచ్చిన వాడికంటే, ఏడుగురిలో ఏ పేరు ఎవరిదో తెలిసిన 60 శాతం వాడు ఈ పనికి మేలు. ఇది రాసినందుకు మార్కులొచ్చిన పిల్లలు నన్ను తిట్టినా పర్లేదు.

ఊరంతా సంతకాలు పెట్టి, అధికారులు అర్జీలు తీసుకునే ఒక సోమవారం పోయి అర్జీ ఇచ్చాం. "ఇది మా పరిధి కాదు, తపాలా వాళ్లకు పంపిస్తాం" అన్నారు. ఎట్లా పంపిస్తారని అడిగాను. "పోస్టులో" అన్నారు. ఇది కల్పించి రాసింది కాదు.

అవ్వ పాస్‌బుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. ఆర్డీ మూడు కంతులు వెనకబడింది, నాలుగోది దాటకముందే కట్టాలి. ఈ గురువారం సెలవు పెట్టి పోతున్నా. సర్వర్ ఉందో లేదో ముందే కనుక్కుందామంటే ఆ ఆఫీసుకు ఫోన్ లేదు.