మ్యాచింగ్ గారికి

అయ్యా మ్యాచింగ్ గారూ,

నమస్కారం. మొన్న శనివారం గన్ షోలో (తుపాకులు అమ్మే సంతలో) ఓ మూల బల్ల మీద, ఎర్ర గుడ్డ పైన, 1917 నాటి జర్మన్ పిస్టల్ లూగర్ పక్కన అట్టముక్క మీద తమరు దర్శనమిచ్చారు. "ఆల్ మ్యాచింగ్" అని, అంటే భాగాలన్నిటి మీదా ఒకే నంబరని, లావుపాటి మార్కర్‌తో, కింద రెండు గీతలతో. తమరి మీద గౌరవంతో రెండు వేల డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నమంతా భూతద్దం పట్టుకుని కూర్చున్నాక ఈ ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే మన్నించాలి. కళ్ళు ఇంకా మండుతున్నాయి.

తమరితో నాకు తొలి పరిచయం గుంటూరులో, మ్యాచింగ్ సెంటర్లో. మా అమ్మ చీర తీసుకెళ్తే ఆ షాపాయన ట్యూబ్‌లైట్ వెలుగుని చచ్చినా నమ్మేవాడు కాదు. చీర కొంగు, జాకెట్ గుడ్డ రెండూ పట్టుకుని రోడ్డు మీదకొచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి, "కాదమ్మా, ఒక్క ఛాయ ముదురు" అని లోపలికెళ్ళి ఇంకో తాను దింపేవాడు. ఎనభై సెంటీమీటర్ల గుడ్డకి అంత నిష్ఠ. ఇక్కడ పిస్టల్ అమ్మిన పెద్దాయన, కిటికీ దగ్గర ఒక్కసారి చూస్తానంటే, "బల్ల దగ్గరే చూడండి సార్, దొంగతనాలెక్కువ" అన్నాడు. దొంగతనాలు ఎక్కువే. ఆ మాట మాత్రం నిజం చెప్పాడు.

ఇంటికొచ్చి విప్పాను. బ్యారెల్ మీద 6247. ఫ్రేమ్ ముందు 6247. సంతోషం. చిన్న భాగాల మీద చివరి రెండంకెలే కొట్టేవాళ్ళు కాబట్టి అన్నిటి మీదా 47 ఉండాలి. ట్రిగ్గర్ మీద 47. సేఫ్టీ మీద 47. సైడ్ ప్లేటు మీద కూడా 47. కానీ ఆ 4 ఉంది చూశారూ, దాని తల మూసుకుపోయింది. బ్యారెల్ మీద 4కి తల తెరిచి ఉంది. పోనీ, పంచ్ అరిగి మార్చారేమో అనుకుందామని ప్లేటుని ఏటవాలుగా దీపానికి పట్టాను. అంకెల చుట్టూ ఇనుము చెంచాలాగా లోపలికి దిగి ఉంది. ఎవడో వేరే తుపాకీ ప్లేటు తెచ్చి, దాని పాత నంబరు ఆకురాయితో అరగదీసి, తీరిగ్గా కూర్చుని, 47 కొట్టాడు. పైన బ్లూయింగ్, అదే ఇనుముకి వేసే నీలి పూత, పూశాడు. అంకెల అడుగున కూడా ఆ నీలమే, నిన్న పూసినంత తాజాగా.

తూటాలు పెట్టే మ్యాగజైన్ సంగతి చెప్పమంటారా? చెక్క అడుగు మీద 6247 ఉంది, కింద అక్షరం మాత్రం ఫ్రేమ్ మీది కాదు, వేరు. "నంబరు కలిసిందిగా సార్" అన్నాడు పెద్దాయన. జర్మన్ సైన్యం లెక్క ఒకటి నుంచి పదివేల దాకా పోయి, మళ్ళీ ఒకటి నుంచి, ఈసారి నంబరుతో పాటు అక్షరంతో మొదలయ్యేది. ఏడాది మారితే మొత్తం మళ్ళీ మొదటికొచ్చేది. డి.డబ్ల్యు.ఎం. ఫ్యాక్టరీది ఓ వరస, ఎర్ఫుర్ట్ ఫ్యాక్టరీది ఇంకో వరస. ఫ్యాక్టరీ, ఏడాది, అక్షరం లేకుండా 6247 అంటే, మా జిల్లాకెళ్ళి ఇంటిపేరు చెప్పకుండా "వెంకటేశ్వర్లు ఉన్నాడా" అని అడిగినట్టే. ఉంటాడు. ప్రతి వీధిలోనూ ఉంటాడు.

తమరి బంధువర్గానికి కూడా తలో నమస్కారం. "ఏంటీక్" గారూ, అమెరికా చట్టం లెక్కలో మీ హద్దు 1898. 1908లో సైన్యంలో చేరినందుకు పీ-08 అని పేరు పడ్డ పిస్టల్‌కి మీ చీటీ కట్టడానికి సిగ్గుండాలి. "మా తాత జర్మన్ ఆఫీసరు చేతిలోంచి లాక్కున్నాడు" గారూ, ఇన్ని లూగర్లు లాక్కున్నారంటే ఆ సైన్యంలో సిపాయిలే లేరేమో, అందరూ ఆఫీసర్లే. నల్ల పిడి లూగర్లకి తగిలించే "బ్లాక్ విడో" అనే పేరు గారూ, మీరు పుట్టింది జర్మనీలో కాదు, అమ్మేవాళ్ళ నోట్లో.

నిజమైన నంబరంటే ఏమిటో చెప్పనా? 1928 డిసెంబరు 17న లాహోర్‌లో సాండర్స్ మీద భగత్ సింగ్ కాల్చిన కోల్ట్ పిస్టల్, ఇండోర్‌లో బీఎస్ఎఫ్ వాళ్ళ దగ్గర ఎవరిదో తెలియకుండా ఏళ్ళకేళ్ళు పడి ఉంది. పైన నల్ల పెయింటు. ఆ పెయింటు గీకితే 168896 బయటపడింది, కేసు రికార్డుల్లో నంబరుతో సరిపోయింది. (కొన్ని పేపర్లు దాన్ని .32 ఎం.ఎం. అని రాశాయి. మిల్లీమీటరులో మూడో వంతు గుండుతో దోమని కూడా కొట్టలేం. అది అంగుళం లెక్క బాబూ.) అక్కడ రంగు కింద దాగినా నంబరు బతికింది. ఇక్కడ మీ పేరు చెప్పి, వందేళ్ళు బతికిన నంబరుని అరగదీశారు. ఆ ప్లేటు మీద ముందు ఏముండేదో ఇక ఎవడికీ తెలియదు. రెండు తుపాకులు పాడయ్యాయి తమరి వల్ల, ఒకటి కాదు. డబ్బు పోతే పోయింది. అబద్ధపు అంకె కొట్టడానికి నిజమైన అంకెని చెరిపిన చెయ్యి ఉంది చూడండి, దాన్ని విరగ్గొట్టాలనిపిస్తోంది.

మా ఆవిడ వచ్చి చూసి, "పాత ఇనుముకి ఇంత గోల ఏమిటండీ, నంబరు తప్పితే తుపాకీ కాకుండా పోతుందా?" అంది. పోయినేడు ఒక్క ఛాయ తేడా వచ్చిందని పట్టుచీర కట్టకుండా బీరువాలో పెట్టిన మనిషి. ఆ మాటే అన్నాను. రాత్రి కూర వేడి చేసి పెట్టలేదు.

అన్నీ మళ్ళీ బిగిద్దామని కూర్చున్నాను. ఎలాగూ విప్పాను కదా అని పిడి చెక్కల స్క్రూలు కూడా తీశాను. కుడి చెక్క లోపలి వైపు వందేళ్ళ నూనె, జిడ్డు. గుడ్డతో తుడిచాను. చెక్కలోకి దిగిపోయి, కొంచెం వంకరగా, 47. నాలుగు తల తెరిచే ఉంది. ఎడమది తీశాను. అదీ 47.

వచ్చే నెల మళ్ళీ షో ఉందట. ఈసారి సైడ్ ప్లేటు జేబులో వేసుకుని వెళ్తాను, పిస్టల్ ఇంట్లో పెట్టి. ఆ ఏడాదిది, నంబరు అరగదీయనిది ఇంకోటి దొరికితే చాలు. 47 కాకపోయినా పర్వాలేదు. బల్ల మీద తమరు కనిపిస్తే మాత్రం, తమరిని పట్టుకుని రోడ్డు మీదకి, ఎండలోకి లాక్కొస్తాను.

ఇట్లు,
తమరి చేత మోసపోయిన
ఒక లూగర్ పిచ్చివాడు