గట్టిమేళం పగిలింది డిస్కులో కాదు

పాత పెళ్లి క్యాసెట్‌ను డీవీడీ చేయించుకున్న చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. బొమ్మ బాగానే ఉంటుంది. పంతులుగారి మంత్రాలు, పేరంటాళ్ల మాటలు చక్కగా వినిపిస్తాయి. తీరా మాంగల్యధారణ వేళకు గట్టిమేళం అందుకోగానే టీవీ బరబరమంటుంది. సన్నాయి ఏదో, డోలు ఏదో తెలియదు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఉంటుంది. అప్పుడు అందరూ తిట్టిపోసేది ఎన్‌కోడింగ్‌నే, అంటే ఫైలును డిస్కుకు తగ్గట్టు కుదించి మార్చే పనినే. సాఫ్ట్‌వేర్ మార్చమని ఒకరు, బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) పెంచమని ఒకరు, మంచి కంపెనీ డిస్కు కొనమని మరొకరు సలహా ఇస్తారు. ఈ సలహాలన్నీ దొంగను వదిలేసి గోడను తన్నడం లాంటివి. ఆ శబ్దం డిస్కు దాకా వచ్చి పగల్లేదు. టేపులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడే, లెవెల్ దగ్గరే, అంటే శబ్దాన్ని ఎంత ఎత్తులో రికార్డు చేయాలో పెట్టే చోటే పగిలింది.

డీవీడీల కాలంలోనే లేం కదా, ఇప్పుడెందుకీ గోల అనుకోవద్దు. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. అటకల మీద క్యాసెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. నడిచే వీసీఆర్ దొరకడమే గగనమైన రోజుల్లో ఒక టేపును ఆడించే అవకాశం ఒక్కసారే రావచ్చు. డిస్కు చేసుకున్నా, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నా, ఆ ఒక్కసారి ఏ లెవెల్‌లో రికార్డు చేశారన్నదే ఆ ఇంటి గొంతుల జాతకం.

డిజిటల్ ఆడియోలో సున్నా డెసిబెల్స్ అంటే నెత్తిమీది స్లాబు. 16 బిట్ల ఆడియోలో శబ్దాన్ని కొలిచే మెట్లు మొత్తం 65,536. పైవైపు ఆఖరి మెట్టు 32,767. ధ్వని అంతకు మించి లేస్తే రాసుకోవడానికి చోటు ఉండదు, అల నెత్తి అక్కడికక్కడే తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పాత టేప్‌రికార్డర్లలో సూది కాస్త ఎరుపులోకి వెళ్లినా టేపు మెల్లగా సర్దుకునేది. ఆ రోజుల్లో చెయ్యి తిరిగినవాళ్లు ఆ అలవాటుతోనే కంప్యూటర్‌లోనూ మీటరును పైకంటా తోస్తారు. ఇక్కడ సర్దుబాటు లేదు. తెగాక వాల్యూమ్ తగ్గించినా లాభం లేదు. తెగిన అల చిన్నదవుతుంది తప్ప పోయిన నెత్తి మళ్లీ మొలవదు.

మా అక్క పెళ్లి 1995లో జరిగింది. ఆ వీహెచ్‌ఎస్ టేపును మా ఊళ్లోనే ఒక దుకాణంలో ఇచ్చాం. వచ్చిన డిస్కులో గట్టిమేళం సరిగ్గా పైన చెప్పినట్టే ఉంది. వాళ్లను బతిమాలి, డిస్కు చేయకముందు క్యాప్చర్ చేసిన (టేపులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన) ఆడియో ఫైలు తెచ్చుకుని, ధ్వనిని బొమ్మగా చూపే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. మంత్రాలున్న చోట తరంగం సన్నటి చీమలబారులా ఉంది. గట్టిమేళం దగ్గర పైనుంచి కిందికి నీలం దిమ్మ. జూమ్ చేస్తే ప్రతి అల కూడా కత్తితో నెత్తి కొట్టేసిన కొబ్బరిబోండాంలా ఉంది. ఎన్‌కోడర్ ఇంకా ముట్టుకోని ఫైలు అది! ఆరా తీస్తే, వీసీఆర్ ఆడియో అవుట్ నుంచి వచ్చిన వైరును ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో గుచ్చారట. మైక్ ఇన్‌పుట్ కొన్ని మిల్లీవోల్టుల కోసం చేసినది. వీసీఆర్ పంపేది వోల్టులో మూడో వంతు దాకా ఉంటుంది. పైగా వాళ్లు లెవెల్ చూసుకున్నది టేపు మొదట్లో, పంతులుగారు నెమ్మదిగా సంకల్పం చెబుతున్నప్పుడు.

బంధువుల ఇంట్లో వీసీఆర్ ఒకటి దొరికితే మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి లైన్-ఇన్ (వీసీఆర్ లాంటి వాటి నుంచి వచ్చే శబ్దం కోసం చేసిన రంధ్రం) ఉన్న యూఎస్‌బీ పరికరం తెచ్చాను. ముందు టేపును నేరుగా గట్టిమేళం దగ్గరికి తిప్పి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టి, అప్పుడు వెనక్కి చుట్టి మొదటి నుంచి రికార్డు చేశాను. సన్నాయి సన్నాయిలా, డోలు డోలులా వచ్చాయి. మేళం తగ్గుతుండగా మా నాయనమ్మ పాట ఎత్తుకుంటుంది. దుకాణం డిస్కులో ఆ మొదటి మాట బరబరలో కలిసిపోయింది. ఇప్పుడది స్పష్టంగా ఉంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఆమె గొంతు ఉన్నది ఆ ఒక్క టేపులోనే.

లెవెల్ తగ్గిస్తే మెల్లగా ఉన్న మాటలు పోతాయని భయపడతారు. పోవు. 16 బిట్ల ఆడియోకు అతి మెల్లని శబ్దం నుంచి అతి గట్టి శబ్దం దాకా సుమారు 96 డెసిబెల్స్ విస్తృతి ఉంది. వీహెచ్‌ఎస్ మామూలు ఆడియో ట్రాకులో ఉండే హిస్సు (టేపు బుసబుస) ఆ విస్తృతి అడుగు కంటే ఎంతో పైన ఉంటుంది. పది డెసిబెల్స్ తక్కువలో రికార్డు చేసినా టేపులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి వస్తుంది. మంత్రాన్ని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన మేళాన్ని అతికించలేం.

మరి ఎన్‌కోడింగ్‌లో తప్పులే జరగవా అంటే, జరుగుతాయి. కానీ వాటి లక్షణాలు వేరు. డీవీడీకి కావలసింది 48 కిలోహెర్ట్జ్ ఆడియో, అంటే శబ్దాన్ని సెకనుకు 48 వేల సార్లు కొలిచినది. సీడీది 44.1. మినీడీవీ కెమెరాను 12 బిట్లలో వదిలేస్తే వచ్చేది 32. 44.1 ఫైలును 48 అని పొరబడి ఆడిస్తే అరగంట కార్యక్రమం రెండున్నర నిమిషాల ముందే అయిపోతుంది, గొంతులు కీచుమంటాయి. డీవీడీలో ఆడియోను కుదించే ఏసీ-3 పద్ధతిలో బిట్‌రేట్ మరీ తగ్గిస్తే తాళాలు నీళ్లలో మోగినట్టు ఉంటాయి. సినిమాల కోసం పెట్టిన కంప్రెషన్‌ను (గట్టి శబ్దాలను నొక్కి, మెల్లని వాటిని లేపే ఏర్పాటును) ఆపకపోతే ధ్వని ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే కంప్రెషన్ తీసేసి, డైలాగ్ నార్మలైజేషన్ (మాటల మట్టాన్ని బట్టి ప్లేయర్ మోత తగ్గించే అమరిక) మైనస్ 31 దగ్గర పెట్టడం మంచిది. ఏసీ-3 చేసేముందు శిఖరాలకు ఒక 3 డెసిబెల్స్ జాగా వదలాలి. ఇవన్నీ దిద్దుకోగల పొరపాట్లు. అసలు ఫైలు శుభ్రంగా ఉంటే డిస్కు మళ్లీ చేసుకోవచ్చు.

ఇంతకీ లెవెల్‌ను అంత పైకి తోసేది ఎందుకు? మనకు గట్టిగా వినిపించిందే బాగున్నట్టు. దుకాణంలో రెండు నిమిషాలు వేసి చూపిస్తారు. మోత ఎక్కువుంటే ‘సౌండ్ క్లారిటీ అదిరింది’ అని డబ్బులిచ్చి వస్తాం. ఫంక్షన్ హాల్లో పక్కనున్నవాడితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. ఊరేగింపులో డీజే పెట్టెలు వెళ్తుంటే కిటికీ అద్దాలు వణుకుతాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ (ఇది గాలిలో మోతను కొలిచే వేరే లెక్క) దాటకూడదని, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. డీజే వెళ్లే వీధిలో ఉన్నవాళ్లను అడగండి, అమలు ఎంతో చెబుతారు. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లోనే ఆర్128 పేరుతో సగటు మోతకు ఒక కొలత పెట్టింది. ఎవరు ఎంత అరిచినా ప్రసారంలో అందరినీ అదే మట్టానికి దింపుతారు కాబట్టి అరిచి లాభం లేదు. మన పెళ్లిళ్లకూ పందిళ్లకూ అలాంటి మట్టం లేదు.

మన పెద్దవాళ్లకు మోత విలువ బాగా తెలుసు. తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ, అపశకునపు మాట గానీ చెవిన పడకూడదని గట్టిమేళం పెట్టారు. అప్పటిదాకా మంద్రంగా సాగిన మంగళవాద్యం ఒక్కసారిగా లేస్తేనే పందిట్లో అందరి తలలూ అటు తిరుగుతాయి. పొద్దున్నుంచీ మోతే ఉన్న చోట లేవడానికి గట్టిమేళానికి ఎత్తేదీ? అన్నిటినీ సున్నా దాకా నొక్కి పెంచిన ఆడియోలో జరిగేదీ ఇదే. సంకల్పమూ గట్టిమేళమూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ పెళ్లిలో పెద్ద క్షణం ఏదో చెవికి తెలియదు.

టేపు ఇవ్వబోయేవాళ్లు దుకాణంలో రెండు మాటలు అడగండి. లెవెల్ పెట్టేముందు టేపును గట్టిమేళం దగ్గరికి తిప్పి చూడమనండి. డిస్కుతో పాటు క్యాప్చర్ చేసిన అసలు ఆడియో ఫైలునూ ఇమ్మనండి. పెద్ద ఫైలండీ, పట్టదండీ అంటారు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో మూడు గంటలకు సుమారు 2 జీబీ. ఏ పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది.