సంపు ఖాళీ

(బోడుప్పల్‌ల ఓ ఇంటి ముంగట కారు స్టాండ్ల మీదుంది. యాదగిరి రాణిగంజ్‌కెళ్ళి కొత్త ఆయిల్ పంపు పట్టుకొని దిగిండు.)

లక్ష్మి: ఫోన్ల చెప్పినట్టే చేయించిన. సంపు ఖాళీ.

యాదగిరి: శెబాష్! ఎన్ని లీటర్లెల్లింది?

లక్ష్మి: ఐదు వేలు.

యాదగిరి: ఏందీ?

లక్ష్మి: నిన్ననే నిండె గద. చెట్లకు పోను మిగిలింది మోరీల ఇడిసినం. అడుగున మడ్డి గీకి బ్లీచింగ్ చల్లిన. పనిల పని, పైన ట్యాంకు గూడ కడిగిచ్చిన.

యాదగిరి: ఓసినీ! నేను చెప్పింది కారు సంపే! మూడు లీటర్ల ఆయిల్!

లక్ష్మి: "చింటుగాన్ని సంపు ఖాళీ చెయ్యమను, అడుగున మడ్డి ఉంటది" అన్నవ్. అండ్ల కారెక్కడుంది?

యాదగిరి: గరం చేసి ఖాళీ చెయ్యమన్న! ఆయిల్ గరముంటేనే మడ్డి కొట్టుకొస్తది!

లక్ష్మి: మోటర్ గరమై వాసనొచ్చేదాంక నడిపిన.

యాదగిరి: నల్లా ఎప్పుడు?

లక్ష్మి: ఎల్లుండి. అయినా ఇంజనుకు సంపెందుకు? నల్లా నీళ్లు పడ్తయా?

యాదగిరి: కింద రేకు తొట్టి ఉంటదే. పంపు అండ్లకెళ్ళి జాలి గుండ ఆయిల్ గుంజి, ఫిల్టర్ దాటిచ్చి, కింద తిరిగే ఇరుసు, గదే క్రాంకు, దాని బేరింగులకు, పైన వాల్వులు తెరిచే క్యామ్‌కు ఎక్కిస్తది.

లక్ష్మి: కింద సంపు, నడుమ మోటర్, పైన నల్లాలు. మనిల్లే. మరి ట్యాంకు?

యాదగిరి: ఉండదు. ఎక్కిందంత మల్ల సంపులకే కారుతది.

లక్ష్మి: నువ్వు బిగించిన బాత్రూం పైపు లెక్క. ఇంతకు రోగమేంది?

యాదగిరి: మెల్లగ పోతే ఏం లేదు. రేసు పెంచితే ఆయిల్ ప్రెషర్ తక్కువైందని ఎర్ర లైటు. పంపు పోయింది.

లక్ష్మి: ఏమన్న పెట్టి చూసినవా, లైటు చూసుడే కొనుడా?

యాదగిరి: ప్రెషర్ సెన్సార్ ఊడదీసి ఆ బొక్కల గేజు పెట్టాలె... పెడ్దామనుకున్న.

లక్ష్మి: అనుకున్నవ్! పోయిన యేడు ఇంటి మోటర్ గూడ గిట్లనే మార్చినవ్. ఆఖరికేముండె? ఫుట్‌వాల్వుకు పాలిథిన్ కవరు. ముందుగాల జాలి చూడు.

యాదగిరి: ఇది నీ ఇంటి మోటర్ గాదు! పంపు క్రాంకు మూతికాడ ఉంటది. పుల్లీ, టైమింగ్ బెల్టు విప్పాలె. గుర్తులు కలపకుంట బెల్టు తీస్తే కొన్ని ఇంజన్లల్ల వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతయ్. కొత్త పంపుల ఆయిల్ నింపకుంట బిగిస్తే ఒట్టిగ తిరుగుతది, గుంజదు.

లక్ష్మి: మోటర్ల నీళ్లు పొయ్యకుంటే ఎక్కనట్టే గద. జాలి చూడయ్యా.

(ఇక్కడ న్యాయం ఆమె దిక్కే ఉంది. మెల్లగ నడిస్తే సరిపోయి, రేసు పెంచితే ప్రెషర్ పడుతుందంటే మొదటి అనుమానం జాలి మీదనే. గంట గడిచింది. కారు సంపు కిందికి దిగింది. యాదగిరి సప్పుడు చేస్తలేడు.)

లక్ష్మి: ఏముంది?

యాదగిరి: సిలికాన్ ముక్కలు. జాలి నిండ.

లక్ష్మి: ఎవలు పూసిన్రు?

యాదగిరి: నేనే. పోయినసారి లీకు గావొద్దని శానా పూసిన. మూడు మిల్లీమీటర్ల తీగంత సాలు. ఎక్కువైంది లోపలికి పిండుకొచ్చి రాలింది.

లక్ష్మి: కొత్త పంపు వాపస్ తీస్కుంటరా?

యాదగిరి: "అమ్మిన మాల్ వాపస్ లేదు" అని బిల్లు మీదనే ఉంది.

లక్ష్మి: షోకేసుల పెట్టు, ఇంటి మోటర్ పక్కకు.

యాదగిరి: జాలి కడిగి, పైపుకు కొత్త ఓ-రింగ్, గదే రబ్బరు చుట్టు, ఎయ్యాలె. పాతదుంటే గాలి గుంజుతది. టెన్ నంబర్ బోల్టులు అడ్డంగ నిలువుగ కొద్దికొద్దిగ బిగించాలె...

లక్ష్మి: కొద్దిగ! నీ చెయ్యి పడితే పచ్చడి సీస మూత రాదు మల్ల.

యాదగిరి: బలం పెడితే రేకు వంగుతది, ఎరుకే! సిలికాన్ ఆరినంక ఆయిల్ పోసి, ప్లగ్గులు, కాయిల్ సాకెట్లు విప్పి, లైటు ఆరేదాంక సెల్ఫ్ కొట్టాలె. అప్పుడే స్టార్టింగ్. ...చేతులు కడుక్కుందామంటే చుక్క నీళ్లు లేకపాయె.

లక్ష్మి: మెట్ల కింద రెండు బకెట్లు దాచిన. సర్ఫ్ గూడ ఆడనే ఉంది.

యాదగిరి: అంటే నేనేదో తప్పు చేస్తనని ముందే ఎరుకనా?

లక్ష్మి: పెండ్లైనప్పటి సంది రెండు బకెట్లు పక్కకే పెడుతున్న.